అథ్లాన్ ఎక్స్‌పీని ఎంపీగా మార్చి రెండు ప్రాసెసర్ల బోర్డులో నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నదంతా ఏఎండీ సాకెట్ ఏ కాలానికి, అంటే 2001 నుంచి 2004 దాకా వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ చిప్‌లకు సంబంధించింది. ఎంపీ అంటే రెండు ప్రాసెసర్ల బోర్డుల కోసం ఏఎండీ అమ్మిన అథ్లాన్ రకం. పాత డ్యూయల్ మెషీన్లను బతికించుకునే వాళ్లకు, కొత్తగా ఒకటి కూర్చాలనుకునే వాళ్లకు ఇది పనికొస్తుంది.

ఎక్స్‌పీకి, ఎంపీకి లోపల తేడా ఏంటి?

సిలికాన్‌లో తేడా లేదు. రెండు ప్రాసెసర్లు ఒకే మెమరీని పంచుకున్నప్పుడు ఒకరి క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీలో) ఉన్నది ఇంకొకరికి తెలియాలి. ఆ పని చేసే సర్క్యూట్ ఎక్స్‌పీలోనూ ఉంది. ఏఎండీ ఎంపీ చిప్‌లను జంటగా నడిచేలా పరీక్షించి, ఆ పేరుతో ఎక్కువ ధరకు అమ్మింది. ఎక్స్‌పీలకు ఆ పరీక్ష చేయలేదు.

చిప్ తనను తాను ఎలా పరిచయం చేసుకుంటుందన్నదే తేడా. చిప్ వివరాలు అడిగే సీపీయూఐడీ ఆదేశంలో 80000001 ఫంక్షన్‌ను పిలిస్తే ఈడీఎక్స్ రిజిస్టరులో 19వ బిట్ ‘నేను జంటగా పనిచేయగలను’ అని చెబుతుంది. ఆ బిట్ విలువ చిప్ పైన ఎల్5 అని రాసి ఉన్న బ్రిడ్జిల (రెండు చుక్కలను కలిపే సన్నటి లోహపు గీతల) వరుసలో చివరి దాన్ని బట్టి ఉంటుంది. ఎంపీలో ఆ బ్రిడ్జి కలిసి ఉంటుంది, ఎక్స్‌పీలో తెగి ఉంటుంది. మనం చేసేదల్లా దాన్ని కలపడమే. చేతిపని పావుగంట కూడా పట్టదు. సరైన చిప్ ఎంచుకోవడం, దానికి చాలినంత కరెంటు ఇవ్వడం, వేడి తీయడం, ఈ మూడింటి మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

మార్చకుండా అలాగే పెడితే నడవదా?

కొన్నిసార్లు నడుస్తుంది. అది చిప్‌ను బట్టి, బయాస్‌ను (బోర్డును లేపే ప్రోగ్రామ్‌ను) బట్టి ఉంటుంది. ఎక్స్‌పీలు వేర్వేరు కోర్ డిజైన్లతో వచ్చాయి. పాలొమినో కోర్ ఉన్న తొలి ఎక్స్‌పీల్లో కొన్నింటికి ఆ బిట్ ఫ్యాక్టరీ నుంచే పెట్టి వచ్చింది, వాటికి ఏమీ చేయక్కర్లేదు. తర్వాత వచ్చిన థరోబ్రెడ్, బార్టన్ కోర్‌ల ఎక్స్‌పీల్లో బిట్ ఉండదు. వాటిని చూసి కొన్ని బయాస్‌లు పట్టించుకోకుండా రెండింటినీ లేపుతాయి, కొన్ని ఒక్కదాన్నే లేపుతాయి, కొన్ని బూట్ దగ్గరే ఆగిపోతాయి. లినక్స్ కెర్నల్ కూడా ఈ బిట్‌ను చూస్తుంది. లేకపోతే ఈ జంట ఎస్‌ఎంపీకి, అంటే ఒకటికి మించిన ప్రాసెసర్లతో నడపడానికి, తగినది కాదని హెచ్చరించి, కెర్నల్‌కు ‘ఎస్’ అనే టెయింట్ (మచ్చ) గుర్తు వేస్తుంది. పని మాత్రం ఆపదు.

ఏ చిప్ కొనాలి?

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాం.

రెండు సాకెట్ల బోర్డులన్నీ 760ఎంపీ లేదా 760ఎంపీఎక్స్ చిప్‌సెట్‌వి. వీటి బస్ 133 మెగాహెర్ట్జ్, అంటే చిప్ పెట్టె మీద రాసే లెక్కలో 266. చిప్ వేగం అంటే మల్టిప్లయర్‌ను బస్‌తో గుణించగా వచ్చేది. 333 బస్ కోసం చేసిన చిప్‌ను ఇక్కడ పెడితే మల్టిప్లయర్ అదే ఉంటుంది కానీ బస్ తగ్గిపోతుంది. ఉదాహరణకు బార్టన్ 2500+ అసలు వేగం 11 × 166, అంటే 1833 మెగాహెర్ట్జ్. ఈ బోర్డులో అది 11 × 133, అంటే 1467 దగ్గర ఆగిపోతుంది. సాధారణ 1700+ చిప్ పరుగెత్తే వేగం సరిగ్గా అదే. పేరులో 2500 చూసి కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అందుకే పేరు కాకుండా చిప్ మీది పార్ట్ నంబర్ చదవాలి. ఏఎక్స్‌డీఏ2400డీకేవీ3సీ అని ఉందనుకోండి:

- చివరి అక్షరం బస్. సీ అంటే 266, డీ అంటే 333, ఈ అంటే 400. మనకు కావలసింది సీ.
- దాని ముందున్న అంకె ఎల్2 క్యాష్. 3 అంటే 256 కేబీ, 4 అంటే 512 కేబీ.
- దానికి ముందున్న అక్షరం గరిష్ఠ ఉష్ణోగ్రత. వీ అంటే 85 డిగ్రీలు, టీ అంటే 90.
- ఇంకా ముందున్నది వోల్టేజీ. ఎల్ అంటే 1.5, యూ అంటే 1.6, కే అంటే 1.65, ఎం అంటే 1.75 వోల్టులు.

మా సలహా: థరోబ్రెడ్ 2400+ (15 × 133, 2000 మెగాహెర్ట్జ్) లేదా సీ అక్షరంతో ఉన్న 2600+ (16 × 133, 2133 మెగాహెర్ట్జ్). 2600+ పేరుతో ఒకటికి మించిన రకాలు అమ్మారు, 333 బస్‌వి ఇక్కడ నెమ్మదిగా నడుస్తాయి. వేడి గురించి భయముంటే 1.5 వోల్టుల 1700+ జంట చల్లగా, నిశ్చింతగా నడుస్తుంది.

రెండూ ఒకే పార్ట్ నంబర్‌వి తీసుకోండి. కింది వరుసలో ఉండే స్టెపింగ్ కోడ్ (చిప్ తయారీ వెర్షన్), వారం నంబర్ కూడా కలిస్తే మరీ మంచిది. వేర్వేరు వేగాల చిప్‌లను జత చేసి తర్వాత హ్యాంగ్‌ల మూలం వెతుక్కోవడం వృథా శ్రమ.

మల్టిప్లయర్ మార్చి బార్టన్‌ను వాడుకోవచ్చుగా?

ఎల్3 వరుస బ్రిడ్జిలను మార్చి కొన్ని చిప్‌లలో చేయొచ్చు. కానీ 2003 చివరి నుంచి వచ్చిన చిప్‌లలో ఏఎండీ మల్టిప్లయర్‌ను లోపలే లాక్ చేసింది, వాటి మీద ఆ పద్ధతి పారదు. డ్యూయల్ బోర్డుల బయాస్‌లో మల్టిప్లయర్ ఆప్షన్ సాధారణంగా ఉండదు కూడా. మొదటిసారి చేసేవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

మొబైల్ ఎక్స్‌పీ-ఎం చిప్‌లు?

తక్కువ వోల్టేజీ, తక్కువ వేడి, పైగా 266 బస్. అందుకే జంటలకు వీటిని ఇష్టపడేవాళ్లు చాలామంది. 2500+ మొబైల్ బార్టన్ 14 × 133తో 1867 మెగాహెర్ట్జ్‌కు చేసింది, 1.45 వోల్టులది, 45 వాట్లు. చిక్కు ఏంటంటే ల్యాప్‌టాప్ చిప్ తన వేగాన్ని సాఫ్ట్‌వేర్ చెబితే పెంచుకుంటుంది. డెస్క్‌టాప్ బయాస్‌కు ఆ సంగతి తెలియక తక్కువ మల్టిప్లయర్ దగ్గరే లేపుతుంది, చాలాసార్లు 6 × 133, అంటే 800 మెగాహెర్ట్జ్. ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాక టూల్‌తో పెంచుకోవాలి, అదీ రెండు ప్రాసెసర్లనూ విడివిడిగా. ఓపిక ఉన్నవాళ్లకు ఇవే మంచి చిప్‌లు.

ఏ బోర్డులు దొరుకుతాయి?

టయాన్ టైగర్ ఎంపీ (ఎస్2460), థండర్ కే7 (ఎస్2462), టైగర్ ఎంపీఎక్స్ (ఎస్2466), ఆసుస్ ఏ7ఎం266-డీ, ఎంఎస్‌ఐ కే7డీ మాస్టర్, గిగాబైట్ 7డీపీఎక్స్‌డీడబ్ల్యూ. థండర్ కే7కు మామూలు ఎస్‌ఎంపీఎస్ సరిపోదు, 24 పిన్‌ల, 8 పిన్‌ల ప్రత్యేక కనెక్టర్లు ఉన్నది కావాలి. అది లేకుండా బోర్డు ఒక్కటే కొనకండి. తొలి 760ఎంపీఎక్స్ బోర్డుల సౌత్‌బ్రిడ్జి చిప్‌లో యూఎస్‌బీ లోపం ఉండేది. అందుకే కంపెనీలు పెట్టెలో పీసీఐ యూఎస్‌బీ కార్డు పెట్టి ఇచ్చాయి. పాత బోర్డు కొంటే ఆ కార్డు కూడా అడగండి.

కొనే ముందు సాకెట్ల చుట్టూ ఉన్న కెపాసిటర్లు చూడండి. పైన పళ్లెంలా చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా వాటిని మార్చాల్సిందే. అంతే విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉండే) రకం వేయించండి. మామూలు కెపాసిటర్ వేస్తే కొద్ది వారాల్లో మళ్లీ అదే కథ.

బ్రిడ్జి కలపడానికి ఏం కావాలి?

సిల్వర్ కండక్టివ్ పెయింట్ (కారు వెనక అద్దం డీఫాగర్ గీతలు బాగుచేసే కిట్‌లో ఉండేదైనా సరే), 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చుట్టిన పుల్లలు, కుట్టు సూదులు రెండు, టూత్‌పిక్‌లు, సన్నటి టేపు, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, మల్టీమీటర్. పాలొమినోకైతే ఫెవిక్విక్ కూడా. హైదరాబాద్ వాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో వీటిలో చాలావరకు ఒక్క పూటలో పోగేసుకోవచ్చు.

వరుసగా ఎలా చేయాలి?

1. చిప్‌ను యాంటీస్టాటిక్ ఫోమ్‌లో గుచ్చి పెట్టండి. పిన్‌లు వంగవు, చిప్ కదలదు. పని మొదలుపెట్టే ముందు ప్లగ్‌లో ఉన్న, స్విచ్ ఆపిన క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి.

2. భూతద్దంతో ఎల్5 అక్షరాలు వెతకండి. పక్కనే నాలుగు బ్రిడ్జిలు వరుసగా ఉంటాయి. ఒక్కో బ్రిడ్జి అంటే ఎదురెదురుగా రెండు చుక్కలు, మధ్యలో గీత. గీత తెగి ఉంటే బ్రిడ్జి తెగినట్టు. మనకు కావలసింది చివరిది. మీ కోర్‌కే చెందిన అసలు ఎంపీ చిప్ ఫొటో పక్కన పెట్టుకుని, దానిలో కలిసి ఉండి మీ దానిలో తెగి ఉన్నది అదేనని నిర్ధారించుకోండి. ఇదే వరుసలోని ఇంకో బ్రిడ్జి చిప్‌ను మొబైల్‌గా చూపిస్తుంది, పొరపాటున దాన్ని కలిపితే వేరే తిప్పలు.

3. ఆల్కహాల్‌తో ఆ చోటు తుడిచి ఆరనివ్వండి.

4. థరోబ్రెడ్, బార్టన్‌ల మీద బ్రిడ్జిలను పారదర్శకమైన పూత కప్పి ఉంటుంది. పైన ఎంత పెయింట్ వేసినా లోపలికి తగలదు. సూది మొనను దాదాపు పడుకోబెట్టి, రెండు చుక్కల మీద మాత్రమే మెల్లగా గీకండి. రాగి మెరుపు కనబడగానే ఆపేయాలి. నిలబెట్టి పొడిస్తే కింది పొర తెగుతుంది, చిప్ పోతుంది.

5. పెయింట్ వేయకముందే మల్టీమీటర్‌తో కొలవండి. ప్రోబ్‌లు లావుగా ఉంటాయి కాబట్టి వాటికి సూదులు కట్టుకోండి. మీ బ్రిడ్జి రెండు చుక్కల మధ్య, ఆ చుక్కలకూ పక్క బ్రిడ్జికీ మధ్య రీడింగులు కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇవే ఆధారం.

6. బ్రిడ్జికి రెండు వైపులా టేపు అంటించి, మధ్యలో సన్నటి సందు మాత్రం వదలండి. టూత్‌పిక్ మొనను పెయింట్‌లో ముంచి, అదనపుది కాగితానికి తుడిచి, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు ఒకే గీత లాగండి. రెండోసారి దిద్దకండి, దిద్దితే పెయింట్ పక్కలకు పాకుతుంది.

7. పెయింట్ సగం ఆరాక, పది నిమిషాల తర్వాత, టేపును పైకి కాకుండా పక్కకు లాగి తీయండి. పూర్తిగా గట్టిపడే సమయం సీసా మీద ఉంటుంది. రాత్రంతా వదిలేస్తే నిశ్చింత.

8. మళ్లీ కొలవండి. రెండు చుక్కల మధ్య పది ఓమ్‌ల లోపు రావాలి. పక్క బ్రిడ్జి రీడింగులు ముందు రాసుకున్నట్టే ఉండాలి. మారితే పెయింట్ అటు పాకినట్టే. ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

పాలొమినోలో ఫెవిక్విక్ ఎందుకు?

పాలొమినో ఎక్స్‌పీలో లేజర్ బ్రిడ్జిని కోసిన చోట గుంట పడింది. గుంట అడుగున రాగి పొర బయటపడి ఉంటుంది. పెయింట్ గుంటలోకి జారితే చుక్కలు రెండూ ఆ పొరకు తగిలి షార్ట్ అవుతాయి. అందుకే ముందు సూది మొనతో ఫెవిక్విక్ బొట్టు వేసి గుంట నింపాలి. జిగురు చుక్కల మీదికి పొంగకూడదు, పొంగితే ఆరాక గీకేయాలి. కనీసం గంట ఆరనిచ్చి, దాని పైనుంచి పెయింట్ గీత లాగండి. ఏ కోర్ అయినా సరే, భూతద్దంలో గుంట కనబడితే ఇదే పద్ధతి.

పెన్సిల్ గీత చాలదా?

పరీక్షకు చాలొచ్చు. గ్రాఫైట్ నిరోధం ఎక్కువ, వేడికి, దుమ్ముకు మారిపోతుంది. ఇవాళ రెండు ప్రాసెసర్లు కనబడి, వచ్చే నెల ఒకటే కనబడితే కారణం అదే.

హీట్‌సింక్ బిగించేటప్పుడు ఏం జాగ్రత్త?

ఈ చిప్‌లకు లోహపు మూత లేదు, కోర్ నేరుగా బయటికే ఉంటుంది. హీట్‌సింక్ ఒక మూల ముందు ఆనితే కోర్ అంచు పెచ్చులూడుతుంది. చిప్ నాలుగు మూలల రబ్బరు మెత్తలు ఉన్నాయో లేదో చూడండి. సాకెట్‌కు ఒకవైపు ఎత్తైన గట్టు ఉంటుంది. హీట్‌సింక్ అడుగున తొలిచిన మెట్టు సరిగ్గా ఆ గట్టు మీదికి రావాలి. తిరగేసి పెడితే హీట్‌సింక్ వాలుగా కూర్చుంటుంది, కోర్‌కు తగలదు, పవర్ ఇచ్చిన కొన్ని క్షణాల్లోనే చిప్ కాలిపోతుంది. థర్మల్ పేస్ట్ బియ్యపు గింజంత చాలు. వెండి కలిసిన పేస్ట్ బ్రిడ్జిల మీదికి కారకుండా చూసుకోండి, మీరు కష్టపడి చేసిన పని దాంతోనే చెడుతుంది.

రెండు సాకెట్లూ దగ్గరగా ఉంటాయి కాబట్టి పెద్ద హీట్‌సింక్‌లు ఒకదానికొకటి అడ్డొస్తాయి. కొనేముందు స్కేలుతో కొలవండి. ఒక ఫ్యాన్ వదిలిన వేడిగాలిని ఇంకోటి పీల్చుకుంటుంది కూడా. అందుకే క్యాబినెట్ వెనక కనీసం ఒక 80 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలిని బయటికి తోయాలి. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే ఏసీ లేకుండా 2600+ జంటను పూర్తి లోడ్‌తో నడపొద్దని మా మాట. అక్కడ 1.5 వోల్టుల చిప్‌లే మేలు.

ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది తీసుకోవాలి?

మొత్తం వాట్లు చూస్తే మోసపోతారు. ఈ కాలపు కొన్ని బోర్డులు ప్రాసెసర్లకు కావలసిన కరెంటును 5 వోల్టుల లైన్ నుంచే తీసుకుంటాయి. ఇప్పుడు అమ్మే ఎస్‌ఎంపీఎస్‌లు దాదాపు అన్నీ 12 వోల్టుల మీదే ఎక్కువ శక్తినిస్తాయి, 5 వోల్టుల లైన్ బలహీనం.

లెక్క చూడండి. 2400+ చిప్ గరిష్ఠంగా 68.3 వాట్లు. రెండింటికి దాదాపు 137. బోర్డు మీది రెగ్యులేటర్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే లైన్ నుంచి 160 వాట్లు లాగుతుంది. 5 వోల్టుల దగ్గర అది 32 ఆంపియర్లు. 20 పిన్‌ల ఏటీఎక్స్ కనెక్టర్‌లో ఎర్ర వైర్లు నాలుగే. ఒక్కో పిన్ మీద 8 ఆంపియర్లు, మామూలు పిన్ తట్టుకునే దానికంటే ఎక్కువ. కనెక్టర్ గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ కరిగి, వైరు లాగితే పిన్‌తో సహా ఊడొస్తే కారణం ఇదే.

కాబట్టి అదనపు పవర్ కనెక్టర్ ఉన్న బోర్డు ఎంచుకోండి, దాన్ని తప్పకుండా తగిలించండి. అది లేని బోర్డు చేతిలో ఉంటే తక్కువ వోల్టేజీ చిప్‌లు వాడండి. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద 5 వోల్టులకు 35 ఆంపియర్లు, అంతకు పైన ఉండాలి. నెలకోసారి పిన్‌ల రంగు చూసుకోండి.

ఏ ర్యామ్?

రిజిస్టర్డ్ ఈసీసీ పీసీ2100 డీడీఆర్. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ ఒకటి రెండు స్లాట్లలో నడవొచ్చు, కానీ ఇద్దరు ప్రాసెసర్లు ఒకే మెమరీ మీద పడే చోట తప్పులు పట్టుకునే ఈసీసీ ఉండటం పెద్ద ఊరట. రెండు రకాలను కలపకండి.

మార్పు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

ముందు ఒక్కో చిప్‌ను విడిగా, మొదటి సాకెట్‌లో పెట్టి లేపండి. మొదటి సాకెట్ ఖాళీగా ఉంచి రెండోదాంట్లో పెడితే బోర్డు లేవదు. బూట్ తెరమీద పేరు ‘అథ్లాన్ ఎంపీ’ అని వస్తే బ్రిడ్జి కలిసింది. లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైల్ తెరిచి ఫ్లాగ్‌ల వరుసలో ‘ఎంపీ’ ఉందో లేదో చూడండి. అన్నిటికంటే నమ్మదగ్గ పరీక్ష ఇదే. రెండూ విడివిడిగా నెగ్గాకే జంటగా పెట్టండి.

బయాస్‌లో రెండు, విండోస్‌లో ఒకటే. ఎందుకు?

విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఒక ప్రాసెసర్‌నే వాడుతుంది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్, 2000 ప్రొఫెషనల్ రెండింటిని వాడతాయి. ప్రొఫెషనల్ అయినా ఒక ప్రాసెసర్ ఉన్నప్పుడు ఇన్‌స్టాల్ చేసి ఉంటే పాత హాల్ (విండోస్‌ను హార్డ్‌వేర్‌తో కలిపే పొర) మిగిలిపోతుంది. డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ కింద ‘ఏసీపీఐ మల్టీప్రాసెసర్ పీసీ’ అని ఉండాలి. లేకపోతే అక్కడే డ్రైవర్ మార్చొచ్చు. కానీ శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

ఇంకోటి. ఈ చిప్‌లకు ఎస్‌ఎస్‌ఈ2 అనే ఆదేశాల సెట్ లేదు. కాబట్టి విండోస్ 8 నుంచి వచ్చినవి, కొత్త క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నడవవు. 32 బిట్ లినక్స్ ఒక్కటే కాస్త కొత్త దారి.

రెండూ కనిపిస్తున్నాయి, కానీ లోడ్ పెడితే హ్యాంగ్ అవుతోంది.

ఈ క్రమంలో వెతకండి. ముందు ర్యామ్: మెమ్‌టెస్ట్ అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ ఒక రాత్రి. తర్వాత వేడి: లోడ్‌లో 65 డిగ్రీలు దాటితే హీట్‌సింక్ మళ్లీ బిగించండి. ఆ తర్వాత 5 వోల్టుల లైన్: లోడ్‌లో మల్టీమీటర్‌తో కొలిస్తే 4.75 కంటే దిగకూడదు. ఇవన్నీ బాగుంటే ఒక్కో చిప్‌తో విడిగా, ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే ప్రైమ్95 పరీక్ష. విడిగా రెండూ నెగ్గి, జంటగా ఓడితే బస్ వేగం పెంచారేమో చూసి 133కు దించండి. అప్పటికీ అదే వరుస అయితే ఆ రెండు చిప్‌లకు పొత్తు కుదరనట్టే, ఒకదాన్ని మార్చాలి. జంట పరీక్ష చేయని చిప్‌లు కొంటున్నామని మొదటే గుర్తుంచుకోవాల్సిన చోటు ఇది.

వేగం రెట్టింపు అవుతుందా?

రెండు పనులు ఒకేసారి నడిపితే దాదాపు అవుతుంది. ఒకే దారంలో సాగే ప్రోగ్రామ్‌కు, ఆ కాలపు ఎక్కువ ఆటలకు, ఏ లాభమూ లేదు. వీడియో ఎన్‌కోడింగ్, త్రీడీ రెండరింగ్, సోర్స్ కంపైల్ చేయడం, వీటికి బాగా పనికొస్తుంది. ప్రాసెసర్లు రెండైనా మెమరీ దారి మాత్రం ఒకటే కాబట్టి డేటా ఎక్కువగా కదిలే పనుల్లో లాభం తగ్గుతుంది.

ఇంటెల్ సెలెరాన్‌లతో ఇలాగే చేసేవారట కదా?

అవును, అదింకా ముందు. స్లాట్ 1 కార్డు మీద బీ75 పిన్ దగ్గర డ్రిల్ చేసి వైరు అతికించేవారు. 1999లో అబిట్ బీపీ6 బోర్డు రెండు సాకెట్ 370 సెలెరాన్‌లను ఏ మార్పూ లేకుండా నడిపింది. ఆ తర్వాతి కాపర్‌మైన్ సెలెరాన్‌లలో ఇంటెల్ ఆ దారి మూసేసింది.

ఇప్పటి రైజెన్ చిప్‌లతో కుదురుతుందా?

కుదరదు. డెస్క్‌టాప్ సాకెట్‌లో ఒక ప్రాసెసర్ నుంచి ఇంకోదానికి వెళ్లే లింక్ పిన్‌లే లేవు, బ్రిడ్జి కలిపేంత సులువు కాదు. జంట కావాలంటే ఏఎండీ సర్వర్ చిప్ ఎపిక్ తీసుకోవాలి.

మళ్లీ మామూలు ఎక్స్‌పీగా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. దూది పుల్లకు ఆల్కహాల్ తడిపి రుద్దితే పెయింట్ లేచిపోతుంది. మొండికేస్తే అసిటోన్ ఒక చుక్క, అదీ బ్రిడ్జి మీదే, రబ్బరు మెత్తలకు తగలకుండా. తర్వాత అయిదో దశలో రాసుకున్న రీడింగులు తిరిగి వచ్చాయో లేదో కొలవండి. గీకిన పూత మాత్రం తిరిగి రాదు, ఆ రెండు చుక్కల మీద పారదర్శక నెయిల్ పాలిష్ పలుచగా రాసి ఆరబెట్టండి.